ఎలుక దాటని పసరు

1952లో కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న రాబర్ట్ నోబుల్‌కి అన్న క్లార్క్ దగ్గర్నుంచి ఒక కవరు వచ్చింది. విప్పితే 25 ఆకులు. క్లార్క్ డాక్టరు. జమైకాలో ఉన్న ఆయన పేషెంటు ఒకరు పంపిన ఆకులవి. ఇన్సులిన్ దొరకనప్పుడు అక్కడివాళ్లు ఈ ఆకు కాచుకుని తాగుతారట, షుగరు తగ్గుతుందట, నిజమో కాదో చూడమని. ఆకు మనకు కొత్తది కాదు, బిళ్ళగన్నేరు. నోబుల్ ఆ కషాయాన్ని ఎలుకలకు తాగించాడు. షుగరు కదల్లేదు. గాఢంగా తీసి సూదిమందుగా ఎక్కించాడు. వారం రోజులకల్లా ఎలుకలు ఒళ్లంతా చీముగడ్డలై చచ్చిపోయాయి. చూస్తే వాటి నెత్తుట్లో తెల్లకణాలు అడుగంటాయి. ఆ దారి పట్టుకుని నోబుల్, ఆయన సహచరుడు చార్లెస్ బీర్ 1958 నాటికి విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేశారు. క్యాన్సర్ వైద్యంలో ఇప్పటికీ వాడుతున్న ఒక మందుల కుటుంబం అలా మొదలైంది.

ఈ కథ ఎవరు చెప్పినా అదృష్టం ఎలా కలిసొచ్చిందో చూడండి అంటూ ముగిస్తారు. నాకు ఇందులో కనిపించేది వేరు. షుగరు తగ్గుతుందా అని నోబుల్ అడిగాడు. లేదు అన్న జవాబు వచ్చింది. ఆయన దాన్ని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడు కాబట్టే ఎలుకలు ఎందుకు చచ్చాయన్న రెండో ప్రశ్న వేయగలిగాడు. ఔషధ మొక్కలకీ మధుమేహానికీ సంబంధించి మన దేశంలో అచ్చయిన పరిశోధన పత్రాలు వరసపెట్టి చదివితే, ఈ 'లేదు' అనే మాటే దొరకదు. ఏ ఆకు తీసుకున్నా, ఏ బెరడు తీసుకున్నా, ఏ వేరు తీసుకున్నా ఎలుకలో షుగరు తగ్గుతుంది. పరీక్ష పెట్టిన ప్రతి పిల్లవాడూ ఫస్టు క్లాసులో పాసయ్యే బడి గురించి వింటే మనం పిల్లల్ని మెచ్చుకోం, ప్రశ్నపత్రం తెచ్చి చూపించమంటాం. ఈ వ్యాసంలో చేయబోయేది ఆ పనే.

ముందు బడి బయట సంగతి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని గడపలో ఉన్నారు. మనకు తెలిసిన షుగరు మనుషుల్లో ఏదో ఒక ఆకు రుచి చూడనివాళ్లు తక్కువ. పరగడుపున మెంతుల నీళ్లు, కాకరకాయ రసం, నేరేడు గింజల పొడి, పొడపత్రి, తిప్పతీగ, వేగిస చెక్క గ్లాసులో రాత్రంతా ఉంచి పొద్దున తాగే ఎర్రనీళ్లు. ఆ గ్లాసు మా ఇంట్లోనూ చాలాకాలం ఉండేది. నీళ్లకు రంగు దిగడం మానేసినా దాన్ని పారెయ్యడానికి ఎవరికీ మనసొప్పలేదు. కడియం నర్సరీల్లో 'ఇన్సులిన్ మొక్క' అని అమ్మేది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన కోస్టస్ కుటుంబపు మొక్క. అందులో ఇన్సులిన్ లేదు. ఉన్నా నమిలి మింగితే కడుపులోనే అరిగిపోతుంది. నోటి ద్వారా పనిచేసేదైతే ఇన్సులిన్‌ను ఇన్నేళ్లుగా సూదితో ఎందుకు పొడుచుకుంటాం? విచిత్రం ఏమిటంటే, షుగరు విషయంలో 'లేదు' అని 1950ల్లోనే జవాబొచ్చిన బిళ్ళగన్నేరు ఆకును కూడా మన పెరళ్లలో షుగరుకని నములుతూనే ఉన్నారు.

ఇప్పుడు ప్రశ్నపత్రం. ఫార్మసీ కాలేజీలో ఎం.ఫార్మ్ విద్యార్థి ఈ పని ఎలా చేస్తాడో తెలిసినవాళ్లకు కొత్త కాదు. ఊరి పక్క గుట్ట మీదో తలకోన అడవిలోనో ఆకు కోస్తాడు. అది ఫలానా మొక్కేనని వృక్షశాస్త్ర విభాగం నుంచి కాగితం తెచ్చుకుంటాడు. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల పత్రాల్లో ఈ కాగితం తరచుగా శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానిదై ఉంటుంది. ఆకును నీడన ఆరబెట్టి, పొడికొట్టి, సాక్స్‌లెట్ పరికరంలో మిథనాల్‌తోనో నీటితోనో సారం లాగుతాడు. జంతు ప్రయోగాల కమిటీ అనుమతి తీసుకుంటాడు. ఎలుకలకు స్ట్రెప్టోజోటోసిన్ గానీ అలోక్సాన్ గానీ ఎక్కించి షుగరు తెప్పిస్తాడు. వాటిని అయిదారు గుంపులు చేస్తాడు. ఒక గుంపుకు ఏమీ ఇవ్వడు, ఒక గుంపుకు గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగరు మాత్ర, మిగతా వాటికి సారం కిలోకి 200, 400 మిల్లీగ్రాముల చొప్పున. 21 రోజులో 28 రోజులో గడిచాక నెత్తురు తీసి చూస్తాడు. 400 గుంపులో గ్లిబెన్‌క్లమైడ్ గుంపుకు దరిదాపుగా షుగరు తగ్గి ఉంటుంది. సంప్రదాయ వైద్యంలో ఈ మొక్క వాడకాన్ని మా ఫలితాలు సమర్థిస్తున్నాయి అన్న వాక్యంతో పత్రం ముగుస్తుంది.

ఇందులో మోసం లేదు, కష్టం ఉంది. చిక్కంతా ఎలుకకు తెప్పించిన జబ్బు దగ్గరే. స్ట్రెప్టోజోటోసిన్ నేలలో ఉండే ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చిన పదార్థం. అది ఎలుక క్లోమంలోని బీటా కణాల్లోకి గ్లూకోజు వెళ్లే తలుపు గుండానే దూరి వాటిని చంపుతుంది. మనిషి బీటా కణాలకు ఆ రకం తలుపు అంతగా లేదు. అందుకే అదే పదార్థాన్ని క్లోమపు కణితులకు క్యాన్సర్ మందుగా మనుషులకు ఇచ్చినా ఎలుకకు వచ్చినట్టు షుగరు రాదు. ఇక నూటికి తొంభై మందికి ఉండే రెండో రకం మధుమేహంలో బీటా కణాలు ఒక్క రోజులో విషం తగిలి చచ్చిపోవు. ఇన్సులిన్ ఉన్నా కండరం, కాలేయం దాని మాట వినవు. ఏళ్లు గడిచేకొద్దీ క్లోమం అలిసిపోతుంది. ఎలుకకు తెప్పించినది ఒక జబ్బు, మన మేనమామకు ఉన్నది మరొకటి.

అలోక్సాన్ సంగతి ఇంకా తమాషా. 1943లో దాని గుణం బయటపడింది. అది ఫ్రీ రాడికల్స్ పుట్టించి బీటా కణాలను చంపుతుంది. దాదాపు ప్రతి పచ్చని ఆకులోనూ యాంటీ ఆక్సిడెంట్లు ఉంటాయి. సారాన్ని విషానికి ముందో, విషంతో పాటో ఇస్తే విషం దెబ్బ తగ్గుతుంది. అది విషానికి విరుగుడే గాని షుగరుకు మందు కాదు. వేగిస బెరడులో ఉండే ఎపికాటెచిన్ బీటా కణాలను మళ్లీ మొలిపిస్తుందని 1981లో భారతీయ పరిశోధకులు లాన్సెట్‌లో రాసినప్పుడు ప్రపంచం ఉలిక్కిపడింది. ఇతర ప్రయోగశాలలు చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. అయినా ఎపికాటెచిన్ కణాలను పునరుజ్జీవింపజేస్తుంది అన్న వాక్యం నలభై ఏళ్లుగా పత్రం నుంచి పత్రానికి, అక్కణ్ణుంచి సీసా మీది లేబులుకు నడుస్తూనే ఉంది.

గ్లిబెన్‌క్లమైడ్‌తో పోలిక కూడా చూడాల్సిందే. అది పనిచేసేది బీటా కణాలను తట్టిలేపి ఇన్సులిన్ విడుదల చేయించి. కణాలన్నీ చచ్చిన ఎలుకలో అది పనిచెయ్యకూడదు. పనిచేసిందంటే కణాలు చాలావరకు బతికే ఉన్నాయన్నమాట, అంటే ఎలుకకు వచ్చినది ఓ మోస్తరు షుగరే. అలాంటి ఎలుకలు కొన్ని తమంతట తామే కోలుకుంటాయి కూడా. ఈ మాట వైవాలో ఎవరూ అడగరు.

మోతాదు లెక్క వేసుకుంటే బెంగ ఇంకా పెరుగుతుంది. ఎలుక మోతాదును మనిషి మోతాదుగా మార్చాలంటే సుమారు 6.2తో భాగించాలి. 400 మిల్లీగ్రాములు అలా 65 అవుతుంది. 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు 3.9 గ్రాముల సారం. వంద గ్రాముల ఎండుటాకు నుంచి పది గ్రాముల సారం దిగుతుందనుకుంటే, రోజుకు 39 గ్రాముల ఎండుటాకు. పచ్చి ఆకుగా చూస్తే గంపెడు. ప్రాణం ఉన్నంతకాలం, రోజూ. ఈ లెక్క పత్రంలో ఉండదు, ఉంటే చదివేవాడికి నవ్వొస్తుంది.

ఇంతా చెప్పి ఎలుక పనిని పూర్తిగా కొట్టేస్తే అన్యాయం. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయపు జీవరసాయన శాస్త్రవేత్తలు 1990ల చివరి నుంచి రాయలసీమ మొక్కలను ఒక్కొక్కటిగా పట్టి చూశారు. ఎర్రచందనం బెరడును, కాసరకాయను వాళ్లు పరీక్షకు పెట్టారు. కాసరకాయ కాకరకు చెల్లెలు. వాన పడ్డాక నల్లరేగడి చేలల్లో దానంతటదే పాకుతుంది. సీమలో దాని వేపుడు తెలియని ఇల్లు ఉండదు. ఏ ద్రావణితో తీస్తే గుణం దిగుతుంది, ఏ భాగంలో ఉంది అని ఒక బృందం ఏళ్ల తరబడి ఒకే ప్రాంతపు మొక్కల మీద కూర్చోవడం విలువైన పని. తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు పువ్వు మీద కూడా ఎలుక పరీక్షలు జరిగాయి. తమిళ సిద్ధవైద్యంలో ఆ పువ్వు కషాయం షుగరుకు పాత మందు. ఇవన్నీ మొదటి మెట్టు. మొదటి మెట్టు మీదే ఇన్ని వందల మంది గుమిగూడి ఉండటమే నా ఫిర్యాదు.

రెండో మెట్టు మనిషి. అక్కడికి ఎక్కిన మొక్కలు కొన్నే, వాటి కథలు ఒక్కొక్కటి ఒక్కో తీరు.

వేగిసతో మొదలుపెడదాం. హిందీలో విజయసార్ అంటారు, మన అడవుల్లో వేగిస, పెద్దేగి. ఐసీఎంఆర్ నాలుగు కేంద్రాల్లో దీన్ని కొత్తగా షుగరు బయటపడిన వాళ్లకు ఇచ్చి 1998లో ఫలితాలు ప్రచురించింది. 97 మందిలో 67 మందికి 12 వారాల్లో షుగరు అదుపులోకి వచ్చింది, అంటే 69 శాతం. ఈ అంకెను ఎంతో ప్రచారానికి వాడుకున్నారు. అదే పత్రంలో మరో అంకె ఉంది, దాన్నెవరూ పోస్టరు మీద వెయ్యలేదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 9.8 నుంచి 9.4కి తగ్గింది. తగ్గింది నిజమే. కాని 9.4 ఉన్నవాణ్ణి ఏ డాక్టరూ అదుపులో ఉన్నాడని ఇంటికి పంపడు. పైగా ఈ పరీక్షలో పోల్చుకోవడానికి మరో గుంపు లేదు. కొత్తగా జబ్బు బయటపడిన మనిషి భయంతో అన్నం తగ్గిస్తాడు, పొద్దున్నే నడుస్తాడు. తగ్గినది చెక్క వల్లా, నడక వల్లా? ఇక్కడ సుశ్రుతుడు గుర్తొస్తాడు. ప్రమేహం ఉన్న పేదవాణ్ణి కాలినడకన నూరు యోజనాలు తిరగమని, లేదా బావి తవ్వమని ఆయన చెప్పాడు. కంట్రోల్ గ్రూపు లేకుండా మందును పరీక్షించేవాళ్లు ఆ బావిని లెక్కలోంచి ఎలా తీస్తారు?

కాకరకు దేశదేశాల నుంచి సాక్ష్యం ఉంది. ఫిలిప్పీన్స్‌లో 40 మందితో మూడు నెలలు కాకర మాత్రలు, ఉత్తుత్తి మాత్రలు పోల్చి 2007లో ఫలితం చెప్పారు. హెచ్‌బీఏ1సీలో తేడా 0.22, లెక్కకు నిలబడేది కాదు. థాయిలాండ్‌లో 2011లో నాలుగు వారాల పరీక్షలో రోజుకు 2000 మిల్లీగ్రాముల కాకర పొడి కొంత షుగరు తగ్గించింది, మామూలు షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ 1000 మిల్లీగ్రాములు అంతకంటే బాగా తగ్గించింది. ఇలాంటి నాలుగు పరీక్షలను, మొత్తం 479 మందిని, కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2012లో ఆధారం చాలదని తేల్చింది. అయితే కాకర ఉత్తదే అనుకోవడానికీ వీల్లేదు. షుగరు మాత్ర క్లోర్‌ప్రొపమైడ్ వేసుకునే ఒకావిడ విషయంలో కాకర కూరకూ మాత్రకూ పొత్తు కుదిరి షుగరు మరింత పడుతోందని 1979లోనే లాన్సెట్‌లో లేఖ అచ్చయింది. కాకర కషాయం తాగించిన పిల్లలు షుగరు పడిపోయి స్పృహ తప్పిన ఉదంతాలూ నమోదయ్యాయి. గుణం ఉంది, నిలకడ లేదు. ఏ కాయ, ఏ ఊరి నేల, పచ్చిదా పండుదా, రసమా పొడా అన్నదాన్ని బట్టి మారిపోయే గుణాన్ని మోతాదు కట్టి ఇవ్వడమే కష్టం.

ఉత్తుత్తి మాత్ర గురించి ఒక మాట. మందు పరీక్షలో తనకు అసలు మందు పడిందో ఉత్తుత్తిది పడిందో రోగికి తెలియకూడదు. కాకర రసం విషయంలో ఈ నియమం ఎలా పాటిస్తారు? మెంతిపొడి తిన్నవాడి చెమట కూడా మెంతి వాసన వేస్తుంది. పొడపత్రి నమిలితే కాసేపు నాలుకకు తీపి తెలియదు, పంచదార ఇసుకలా ఉంటుంది. 1880ల చివర్లో ఊటీలో ఉన్న రసాయన శాస్త్రవేత్త డేవిడ్ హూపర్ అందుకు కారణమైన జిమ్నెమిక్ ఆమ్లాన్ని వేరుచేశాడు. ఆ పదార్థం నాలుక మీది తీపి గ్రాహకాలకు అడ్డం పడుతుంది. తనకేది పడిందో రోగికి మొదటి రోజే తెలిసిపోతుంది. పొడపత్రి సారం మీద మద్రాసు శాస్త్రవేత్తలు 1990లో రాసిన పత్రాలే నేటికీ అందరూ ఉటంకించేవి. అందులో రెండో రకం మధుమేహం ఉన్న 22 మందికి రోజుకు 400 మిల్లీగ్రాముల చొప్పున 18 నుంచి 20 నెలలు ఇచ్చారు, కొందరు మాత్రలు తగ్గించుకున్నారు, అయిదుగురు మానేశారు. ఆశ పుట్టించే ఫలితమే. చీటీలేసి గుంపులు విడదీసిన పరీక్ష మాత్రం కాదు.

నేరేడు కథ బ్రెజిల్‌ది. మన నేరేడు అక్కడికి వెళ్లి జంబొలావ్ అయింది, షుగరు మందన్న పేరూ వెంట తీసుకెళ్లింది. పోర్టో అలెగ్రె వైద్యులు ఈ విషయాన్ని ఏళ్ల తరబడి పట్టుకుని 2004లో ఒక చక్కని పరీక్ష ఫలితం ప్రచురించారు. నేరేడు ఆకు టీ ఒక గుంపుకు, గ్లిబెన్‌క్లమైడ్ మరో గుంపుకు, ఎవరికేది పడిందో రోగికీ డాక్టరుకీ తెలియకుండా. మాత్ర షుగరు తగ్గించింది, టీ తగ్గించలేదు. నోబుల్ తర్వాత ఈ రంగంలో నాకు నచ్చిన 'లేదు' ఇదే. మనవాళ్లు వాడేది ఆకు కాదు గింజ కదా అంటారా, సబబైన అభ్యంతరమే. అప్పుడు గింజను అలాగే పరీక్షకు పెట్టాలి, ఎలుకల మీద ఇంకో యాభై పత్రాలు కాదు. దాల్చినచెక్క గురించి 2003లో పాకిస్తాన్ నుంచి 60 మందితో వచ్చిన అద్భుత ఫలితం తర్వాతి పరీక్షల్లో నిలవలేదన్నది ఒక్క వాక్యంలో చెప్పి దాటేస్తాను.

మెంతుల దగ్గర మాత్రం ఆగాలి. ఇది హైదరాబాద్‌లో మన తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థలో పండిన పని. 1980ల మధ్య నుంచి ఆర్.డి. శర్మ, టి.సి. రఘురాం మెంతులను మందుగా కాక తిండిగా పరీక్షించారు. 1990లో అచ్చయిన ఒక పత్రంలో మొదటి రకం మధుమేహం ఉన్నవాళ్లకు నూనె తీసిన మెంతిపొడి రోజుకు 100 గ్రాములు రొట్టెల్లో కలిపి పది రోజులు పెట్టారు. మూత్రంలో పోయే షుగరు 54 శాతం తగ్గింది. వంద గ్రాముల మెంతులు! ఆ చేదు తిన్నవాళ్లకు దణ్ణం పెట్టాలి. తర్వాత 1996లో 60 మందితో 24 వారాలు నడిపిన పరీక్షలో మోతాదును 25 గ్రాములకు దించారు. 2015లో హైదరాబాద్ నుంచే మరో పత్రం వచ్చింది. షుగరు గడపలో ఉన్న 140 మందిని మూడేళ్లు వెంటాడి చూస్తే, రోజుకు పది గ్రాముల మెంతులు తిన్నవాళ్లతో పోలిస్తే తిననివాళ్లు మధుమేహంలోకి జారే అవకాశం 4.2 రెట్లు ఎక్కువగా కనిపించింది. మూడేళ్లు! ఎలుక పరీక్షకు 28 రోజులు చాలనుకునే రంగంలో ఇది తపస్సు.

మెంతుల్లో దాచాల్సిన రహస్యం పెద్దగా లేదు. నానబెడితే వచ్చే జిగురు ఒక రకం పీచు. అది పేగులో అన్నం చుట్టూ పేరుకుని చక్కెర నెత్తుట్లోకి దిగడాన్ని నెమ్మది చేస్తుంది. పీచు పనిచెయ్యాలంటే గ్రాముల్లో ఉండాలి, అన్నంతో పాటు ఉండాలి. కాబట్టి 500 మిల్లీగ్రాముల మెంతి క్యాప్సూల్ ఈ పని ఎలా చేస్తుందో అమ్మేవాళ్లే చెప్పాలి. పరీక్ష జరిగింది గరిటెడు మెంతులకు, అమ్మకం జరుగుతోంది చిటికెడుకు. మొక్కల సారాల వ్యాపారంలో తరచుగా జరిగే కనికట్టు ఇది. పేరు ఒకటే, వస్తువు మారిపోతుంది.

వస్తువు మారడం ఇంకో దిక్కుగానూ జరుగుతుంది, అక్కడ మొక్కే మారిపోతుంది. దారుహరిద్ర అన్న పేరు మీద ఉత్తరాదిన హిమాలయాల పొద ఒకటి, దక్షిణాదిన మానుపసుపు తీగ మరొకటి అంగట్లో దొరుకుతాయి. రెంటిలోనూ బెర్బెరిన్ ఉంది. షుగరు మీద ఆ పదార్థానికి చైనాలో మంచి ఫలితాలే వచ్చాయి. కాని రెండూ ఒక మొక్క కాదు, మానుపసుపు అయితే అడవుల్లో అంతరించే దశకు వచ్చింది. కోవిడ్ కాలంలో తిప్పతీగ కషాయం తాగి కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి ముంబై వైద్యులు 2021లో రాశారు. అది అసలు తిప్పతీగ కాదు, దాని దాయాది అయి ఉంటుందని ఆయుష్ మంత్రిత్వ శాఖ వాదించింది. తర్వాత అనేక ఆసుపత్రుల నుంచి 43 కేసులు పోగయ్యాయి. ఎవరి వాదన నెగ్గినా రోగికి తేడా లేదు, ఏ తీగ తాగుతున్నాడో అతనికి తెలియదన్నదే తేలింది.

మొక్క పేరు మీద మాత్ర అమ్మడం ఇంకో పద్ధతి. ఆకుపొడి పనిచెయ్యదని తెలిసి అందులో గ్లిబెన్‌క్లమైడో, మరో పాత షుగరు మాత్రో దంచి కలిపే సీసాలు అనేక దేశాల్లో పట్టుబడ్డాయి. అవి అద్భుతంగా పనిచేస్తాయి మరి! 2008లో సింగపూర్‌లో లైంగిక శక్తికని అమ్మిన మాత్రల్లో గ్లిబెన్‌క్లమైడ్ ఉండటం వల్ల సుమారు 150 మంది షుగరు పడిపోయి ఆసుపత్రి పాలయ్యారు, నలుగురు చనిపోయారు. బోస్టన్‌లో దక్షిణాసియా దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్లో 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉందని 2004లో తేలింది. ఒక్క వారంలో షుగరు మాయం అని ఎవరైనా హామీ ఇస్తే ఆ పొడిని ముందు ల్యాబుకు పంపాలని పాత డాక్టర్లు ఊరికే అనరు.

ఇంతవరకు చెప్పినదంతా విని, మొక్కల్లో ఏమీ లేదంటావా అని అడిగే మిత్రులుంటారు. లేదనలేను, ఎందుకంటే నేడు డాక్టరు మొట్టమొదట రాసే షుగరు మాత్ర మొక్క నుంచే దిగొచ్చింది. ఐరోపాలో గలీగా అనే ఊదాపూల మొక్కను అతిమూత్రానికి వాడేవారు. అందులోని గలీజిన్ షుగరు తగ్గిస్తుందని తెలిసి 1920ల్లో మనుషులకు ఇచ్చి చూశారు, విషగుణం ఎక్కువై మానుకున్నారు. దానికి దగ్గరి చుట్టమైన మెట్‌ఫార్మిన్‌ను 1922లోనే డబ్లిన్‌లో వెర్నర్, బెల్ తయారుచేసి పక్కన పెట్టారు. 1957లో జాన్ స్టెర్న్ అనే ఫ్రెంచి వైద్యుడు దాన్ని మధుమేహానికి ఇచ్చి గ్లూకోఫేజ్ అని పేరు పెట్టాడు. అమెరికా దాన్ని 1990ల మధ్యలో గాని లోపలికి రానివ్వలేదు. అతని పరిశోధనకూ ఆ అనుమతికీ నడుమ నాలుగు దశాబ్దాలు. దాని అన్నలాంటి ఫెన్‌ఫార్మిన్ ఆ మధ్యలోనే నెత్తుట్లో లాక్టిక్ ఆమ్లం పెంచి మనుషుల్ని చంపి, 1970ల చివర్లో అమెరికాలో నిషేధానికి గురైంది.

యాపిల్ చెట్టుదీ అలాంటి కథే. దాని వేరు బెరడు నుంచి 1835లో ఫ్లోరిజిన్ తీశారు, చలిజ్వరానికి పనికొస్తుందేమోనని. 1886లో ఫాన్ మెరింగ్ అది మూత్రంలో చక్కెర పోయేలా చేస్తుందని గమనించాడు. అప్పుడది మధుమేహం తెప్పించే విషంలా కనిపించింది. చక్కెరను మూత్రంలోకి తోసెయ్యడమే మందు కావచ్చన్న ఊహకు వందేళ్లు పట్టింది. ఫ్లోరిజిన్‌ను మింగితే పేగులోనే ముక్కలైపోతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. దాని రూపు మార్చి మార్చి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ చేశారు. గుండెకూ మూత్రపిండాలకూ మేలు చేస్తాయని ఇప్పుడు వాటిని షుగరు లేనివాళ్లకు కూడా రాస్తున్నారు.

ఈ రెండు కథల్లోనూ గెలిచింది సారం కాదు, సారం చూపించిన దారి. మొక్క నుంచి పదార్థం, పదార్థం నుంచి దాని చుట్టం, ఆ చుట్టం నుంచి మాత్ర. సంపూర్ణ సారంలోని పదార్థాలన్నీ కలిసికట్టుగా పనిచేస్తాయి, విడదీస్తే గుణం చెడుతుందని వైద్యులు చెప్పే మాట వినదగినదే. కాని అది నమ్మకంగా చెప్పే మాటై ఉండిపోతోంది. కలిపి ఇస్తే ఇంత, విడదీసి ఇస్తే ఇంత అని కొలిచి చూపినప్పుడే అది వాదన అవుతుంది.

ఎందుకు కొలవరు? డబ్బు కారణం. తంగేడు పువ్వు మీద ఎవరికీ పేటెంటు రాదు. సంప్రదాయ జ్ఞానానికి పేటెంటు ఇవ్వకూడదని మన చట్టంలోనే ఉంది. 1999లో అమెరికాలో కాకర, నేరేడు, పొడపత్రి, వంకాయ కలిపిన షుగరు మందుకు పేటెంటు ఇస్తే మనం గోల చేశాం, న్యాయంగానే చేశాం. కాని కోట్లు పోసి వెయ్యి మంది మీద పరీక్ష నడిపే కంపెనీకి ఆ తర్వాత సొంత హక్కు ఉండదంటే అది ముందుకు రాదు. అలాంటప్పుడు ప్రభుత్వం రావాలి. లక్నోలోని రెండు సీఎస్ఐఆర్ సంస్థల పేరుతో 2015లో బీజీఆర్-34 అనే మూలికల షుగరు మాత్ర వచ్చింది, అదీ ఆయుర్వేద లైసెన్సు కిందే. ఆ లైసెన్సుకు అల్లోపతి మందుకు అడిగినంత పరీక్ష అక్కర్లేదు. మరోవైపు మధుమేహాన్ని నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి మంత్ర ఔషధాల చట్టం కింద నేరం. ఆ చట్టాన్ని టీవీ ముందు కూర్చుని చదివితే భలే వినోదంగా ఉంటుంది. 2015 నవంబరులో కేంద్రం ఫైటోఫార్మాస్యూటికల్ అనే కొత్త తరగతి తెచ్చింది. సారంలో కనీసం నాలుగు పదార్థాలను గుర్తించి కొలిచి, కొత్త మందులాగే మనుషుల మీద పరీక్షించి అనుమతి పొందవచ్చు. దారి వేశారు, నడిచేవాళ్లే పలచగా ఉన్నారు.

నడిస్తే ఎలా ఉంటుందో చైనా చూపించింది. అక్కడి శాస్త్రవేత్తలు మల్బరీ కొమ్మల నుంచి ఆల్కలాయిడ్లను తీసి, ప్రతి మాత్రలోనూ అవి ఇంత ఉండాలని కట్టడి చేశారు. అందులో ముఖ్యమైన డీఎన్‌జే పేగులో పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైముకు అడ్డుపడుతుంది. ఆకార్బోజ్ అనే షుగరు మాత్ర చేసే పనీ అదే. అందుకే ఉత్తుత్తి మాత్రతో కాక ఆకార్బోజ్‌తోనే పోటీకి దించారు. 23 ఆసుపత్రులు, 600 మంది, 24 వారాలు, ఎవరికేది పడిందో ఎవరికీ తెలియకుండా. హెచ్‌బీఏ1సీ మల్బరీ గుంపులో 0.93, ఆకార్బోజ్ గుంపులో 0.87 తగ్గింది. కడుపుబ్బరం, గ్యాసు లాంటి బాధలు మల్బరీ గుంపులో తక్కువ. 2020లో అక్కడి ప్రభుత్వం రెండో రకం మధుమేహానికి దాన్ని మందుగా ఆమోదించింది. అద్భుతం ఏమీ కాదు, ఆకార్బోజ్‌కు సరిసమానం, అంతే. కాని ఆ 'అంతే' అన్నది అంకెల్లో తెలుసు.

హిందూపురం, మడకశిర వైపు వెళ్తే ఊరూరా మల్బరీ తోటలే. ఆకులతో సహా కొమ్మలు నరికి పట్టుపురుగుల తట్టల మీద పరుస్తారు. పురుగులు ఆకంతా తినేశాక మిగిలిన పుల్లల్ని మోపులు కట్టి ఇంటి వెనక గోడకు చేరవేస్తారు. కొన్ని ఎరువుల గుంతలోకి, మిగతావి పొయ్యిలోకి పోతాయి.